ఇల్వా పుస్తకానికి మేకు

ఆ పొద్దున ఇల్వా ఒక కాలికి మేజోడు తొడుక్కుని, రెండో కాలు ఉత్తిగానే మా ఇంటి తలుపు బాదింది.

"పిన్నీ, నా పుస్తకాల పెట్టె కింద బట్టల ఉతుకుడు గదిలో మరిచిపోయాను!"

మా ఉప్సాలాలో డాక్టరేటు పరీక్షకు కొన్ని వారాల ముందే తమ పరిశోధన అచ్చేయించిన పుస్తకాన్ని విశ్వవిద్యాలయం గోడకు మేకు కొట్టి అందరికీ చూపాలి. ఇల్వాకు ఆ రోజు మధ్యాహ్నం పన్నెండే గడువు. దాటితే పరీక్ష చలికాలానికి పోతుంది. పిడుదులు కుడితే వచ్చే జ్వరం మీద పనిచేసే పరిశోధనశాలలో డాక్టరేటు ఉన్నవాళ్ళకే ఇచ్చే ఉద్యోగం ఈలోగా ఇంకొకరు తన్నుకుపోతారు.

ఇల్వా మొదట మా వీధిలో జుట్టు కత్తిరించేది. ఒకనాడు మా కింది వాటాలో ఉండే ముసలి తూర్వాల్డ్ చెవి వెనక పిడుదు కనబడింది. ఇంకొకరైతే పీకి పారేద్దురు. ఈమె దాన్ని సీసాలో వేసి మురిపెంగా చూసుకుంది.

"ఇది జ్వరం ఎలా ఎక్కిస్తుందో చెప్పే చదువు ఏది పిన్నీ?"

"నన్నడుగుతావేమే, చిన్నబడితో ఆపినదాన్ని!"

అన్నానే గాని ఊరుకోగలనా? ఇద్దరం పోయి ఆరా తీశాం. ముందు పెద్దల బడిలో రసాయనం, జీవశాస్త్రం, లెక్కలు. తర్వాత డిగ్రీ, దాని మీద పీజీ, అటుపైన పరిశోధన. వింటుంటేనే నాకు ఆయాసమొచ్చింది. ఇల్వా మాత్రం కత్తెర జేబులో పెట్టుకుని నవ్వింది. అటు తర్వాత పిడుదులు అంటుకునేలా గడ్డి మీద తెల్ల దుప్పటి ఈడ్చుకుంటూ అడవులన్నీ తిరిగింది. చూసినవాళ్ళు పెళ్ళికూతురు దారి తప్పిందనుకునేవారు.

ఇక ఉతుకుడు గది సంగతి. మా మేడలో దానికి వంతులున్నాయి. ఎవరి వంతు నడుస్తుంటే తాళం వాళ్ళదే, రాజుగారొచ్చినా తీయరు. గౌను ఇస్త్రీ చేసుకుంటూ పెట్టె పక్కనే పెట్టుకున్న ఇల్వా, తన వంతు అయిపోగానే గౌను ఒక్కటే తెచ్చుకుంది. ఇప్పుడు లోపల తూర్వాల్డ్!

"ఏమయ్యా, తలుపు తియ్!" అని నేను తలుపు బాదాను.

"పన్నెండు దాకా నా వంతు. నిరుడు ఎవరో ఎర్ర చొక్కా వదిలేసిపోతే నా మేజోళ్ళన్నీ గులాబీ రంగుకొచ్చాయి. తియ్యను."

"పెట్టె ఒక్కటే తీసుకుంటా తాతా!"

"అందరూ అలాగే అంటారు."

"ఓయ్, ఆ పుస్తకం మొదటి పేజీలో ఉన్నది నీ చెవి పిడుదేనయ్యా!" అని అరిచాను.

లోపల యంత్రం గిరగిరా తిరుగుతోంది.

"నాదా?"

"నీదే! అరచేయంత బొమ్మ!"

తలుపు తెరుచుకుంది. సబ్బు నురగ చేతులతోనే పెట్టె భుజానికెత్తుకుని తూర్వాల్డ్ మాకంటే ముందు విశ్వవిద్యాలయానికి పరుగందుకున్నాడు.

ఇల్వా కొట్టిన మొదటి మేకు వంగిపోయింది. రెండోది దిగబడింది, పుస్తకం గోడకు వేలాడింది. అప్పుడు మోగాయి పన్నెండు గంటలు! నేను ఇల్వాను పట్టుకుని గిర్రున తిప్పేశాను.

"మీరెవరు?" అని అక్కడికొచ్చిన ఇల్వా ప్రొఫెసరుగారు నురగ మనిషిని అడిగారు.

"పిడుదు తరఫు బంధువుని" అన్నాడు తూర్వాల్డ్ ఛాతీ విరుచుకుని.

ఇంటికొచ్చేసరికి అతని వంతు దాటిపోయింది, మేజోళ్ళు లోపలే ఉన్నాయి. తర్వాతి వంతు నాది. నా చేతిలో తాళం చూడగానే అతని ముఖం కూడా గులాబీ రంగుకొచ్చింది.