పదిహేడు అంగుళాల నడుం

మా మేనత్త కనకలక్ష్మికి కోపం ముక్కుమీదే ఉంటుందని తెనాలిలో సగం మందికి తెలుసు. మిగతా సగం మగవాళ్లు. ఆవిడ దగ్గర జాకెట్లు కుట్టించుకోరు కాబట్టి బతికిపోయారు.

మార్కెట్ వెనక సందులో ముప్ఫై ఒక్క ఏళ్ల నుంచి కింద కుట్టుమిషన్లు, పైన కాపురం. పాండురంగం మావయ్య కాజాలు కుడతాడు, హుక్కులు కుడతాడు, తిట్లు తింటాడు. మూడింట్లో మూడోదానికే ఎక్కువ టైం పడుతుంది. అయినా ఆయన మొహంలో చిరునవ్వు చెరగదు. ఆ నవ్వు చూస్తే ఆవిడకి ఇంకా ఒళ్లు మంట.

కొలతలు తీసేటప్పుడు అత్తయ్య అంకె పైకి చెప్పదు. పక్కన పదిమంది ఆడవాళ్లు కూర్చుని ఉంటారు, ఎవరి కొలత వాళ్ల సొంతం అంటుంది. టేపు చూసి పుస్తకంలో రాసుకుంటుంది, అంతే. ఇంకో పద్ధతి ఏంటంటే, నడుం కొలత మనిషిని కూర్చోబెట్టి తీస్తుంది. "నిలబడి ఊపిరి బిగబట్టిన నడుం ఫొటోకి పనికొస్తుంది. అన్నం తిని కూర్చున్నప్పుడు ఉండేదే నడుం" అంటుంది. ఒకసారి అంగలకుదురు నుంచి ఒకావిడ కూతురి పెళ్లి జాకెట్టు తెచ్చి, "రెండంగుళాలు తగ్గించి కుట్టండి, పెళ్లినాటికి పిల్ల సన్నబడుతుంది" అంది. అత్తయ్య ఆ గుడ్డ మడిచి ఆవిడ ఒళ్లోనే పెట్టింది. "సన్నబడ్డాక తీసుకురండి. నేను ఉన్న పిల్లకే కుడతా, లేని పిల్లకి కుట్టను" అంది. ఆ పెళ్లివాళ్లు మళ్లీ ఈ సందు తొక్కలేదు.

నా పేరు తేజస్వి. అత్తయ్య వాళ్ల మేడమీద గదిలో కూర్చుని విజయవాడలోని ఒక వీడియోగేమ్ కంపెనీకి పనిచేసేదాన్ని. ఆటలో కనబడే మనుషుల్ని కంప్యూటర్లో తయారుచేయడం నా పని. బంకమట్టితో బొమ్మ చేసినట్టే, కాకపోతే చేతికి మట్టి అంటదు. చేసిన పాపం కూడా చేతికి అంటదని చాలాకాలం అనుకున్నాను.

మా కొత్త ఆటలో కథానాయిక పేరు గంగ. కృష్ణ సముద్రంలో కలిసే చోట పడవ నడిపే పిల్ల, దొంగలతో తలపడుతుంది. ఆమెను చేయడానికి నేను రేపల్లె వెళ్లాను. పెనుమూడి రేవు దగ్గర నాలుగు రోజులు కూర్చుని, వలలు లాగే ఆడవాళ్లను, చేపల బుట్టలు ఎత్తే ఆడవాళ్లను చూసి బొమ్మలు గీసుకున్నాను. వెడల్పు భుజాలు, గట్టి పిక్కలు, బలమైన నడుములు. బుట్ట ఎత్తాలంటే నడుంలోనే బలం ఉండాలి. నా గంగకు ముప్ఫై ఒక్క అంగుళాల నడుం పెట్టాను. తెడ్డు చేతికిస్తే నిజంగా పడవ నడిపేట్టుంది.

వీడియో మీటింగ్‌లో మా టీం పెద్ద కృష్ణకాంత్ సార్ చూసి నవ్వాడు. "ఏంటి తేజస్వీ, హీరోయిన్‌ని చేయమంటే హీరోయిన్ పిన్నిని చేశావు?"

అందరూ నవ్వారు. నేను కూడా నవ్వాను. ఇప్పటికీ నాకు అరికాలి మంట నెత్తికెక్కేది ఆ నవ్వు గుర్తొచ్చినప్పుడే. అదే ఆటలో దొంగల నాయకుడికి కుండలాంటి పొట్ట ఉంది, గంగ తండ్రికి వంగిన నడుం ఉంది, మగవాళ్లు మనుషుల్లాగే ఉన్నారు. ఆమె ఒక్కతే మనిషిలా ఉండకూడదు. తెరమీద ఒక గీత ఉంటుంది, దాన్ని ఎడమకు జరిపితే నడుం సన్నబడుతుంది. రెండు వారాలు ఆయన "ఇంకొంచెం" అన్నాడు, నేను "సరే సార్" అన్నాను. ఇరవై ఎనిమిది, ఇరవై నాలుగు, ఇరవై. చివరికి పదిహేడు దగ్గర ఆయన బాగుందన్నాడు. మనిషి ఎత్తు అయిదడుగుల ఎనిమిది అంగుళాలు, ఛాతీ ముప్ఫై ఎనిమిది. పోస్టర్ మీద "రేపల్లె తీరపు నిజమైన స్త్రీల స్ఫూర్తితో" అని అచ్చువేశారు. సిగ్గులేని రాత అది. దాన్ని చూసి కూడా నోరు మూసుకున్న నేను ఇంకా సిగ్గులేనిదాన్ని.

ఆట విడుదల బాపట్లలో ఒక కాలేజీ ఉత్సవంలో పెట్టారు. గంగ వేషం వేయడానికి హర్షిణి అనే అమ్మాయిని ఎంచుకున్నారు. రేపల్లె పిల్ల, డిగ్రీ రెండో సంవత్సరం, ఖోఖో ఆడేది. ఆ డ్రెస్సు కుట్టే పని అత్తయ్యకు ఇప్పించింది నేనే. అత్తయ్య ఎప్పటిలాగే ఆది జాకెట్టు పంపమంది, అంటే కొలతకోసం ఇచ్చే పాత జాకెట్టు. వాళ్లు దాని బదులు ఒక కాగితం పంపారు. హర్షిణి కొలతలు కావవి, గంగ కొలతలు. డ్రెస్సు బొమ్మకు తగ్గట్టు ఉండాలి, అమ్మాయే డ్రెస్సుకు తగ్గట్టు అవుతుందని కృష్ణకాంత్ లెక్క. ఎంచుకున్న రోజే హర్షిణికీ ఆ కొలతలే చెప్పారు.

ఆ సంగతి అత్తయ్యకు తెలియదు. ఆది జాకెట్టును బల్లమీద పరిచి, టేపు అడ్డంగా పెట్టి కొలిచి, వచ్చిన అంకెను రెట్టింపు చేయడం టైలర్ల అలవాటు. నడుం పదిహేడని చూడగానే అదే అనుకుంది. "ఎవడో తెలివి తెల్లారినవాడు ఛాతీ చుట్టూ కొలిచాడు, నడుం మాత్రం పరిచి కొలిచాడు" అని గొణుక్కుని, రెట్టింపు చేసి ముప్ఫై నాలుగుకు కత్తిరించింది. ఒకరిని అడిగి తెలుసుకోవడం ఆవిడ చరిత్రలోనే లేదు.

ఉత్సవానికి వారం ముందు హర్షిణి రేపల్లె పాసింజర్‌లో ట్రయల్‌కి వచ్చింది. డ్రెస్సు వేసుకుని తెర వెనకనుంచి బయటికి వచ్చేసరికి నడుం దగ్గర గుడ్డ వేలాడుతోంది. మావయ్య నవ్వబోయి ఆ పిల్ల మొహం చూసి ఆగిపోయాడు. కళ్లకింద గుంటలు, పగిలిన పెదాలు. అత్తయ్య ఆమెను స్టూలు మీద కూర్చోబెట్టి టేపు వేసి చూసింది.

"ఏమ్మా, ఒంట్లో బాగోలేదా?"

"బాగానే ఉందండి ఆంటీ. ఇరవై తొమ్మిది ఉండేదాన్ని, ఇరవై అయిదుకి వచ్చాను." ఆ మాట గొప్పగా చెప్పబోయి మధ్యలోనే ఏడ్చేసింది. "ఇంకా ఎనిమిదంగుళాలు ఎట్టా తగ్గాలో తెలీట్లేదండి. పొద్దున ఒక గుడ్డు, రాత్రికి నిమ్మకాయ నీళ్లు. రెణ్ణెల్లనుంచి నెలసరి కూడా రాలేదు. మా రేపల్లె ఆడోళ్లని చూసే చేశారంట కదా ఆ బొమ్మని? వాళ్లకి అంత నడుం ఉన్నప్పుడు నాకెందుకు రాదు? నా ఒంట్లోనే ఏదో లోపం ఉంది."

అత్తయ్య నావైపు తిరిగింది. గొంతు పెంచలేదు. ఆవిడ గొంతు పెంచనప్పుడే భయపడాలి.

"ఏమే తేజూ, ఈ పదిహేడు ఎవరిదే?"

"ఎవరిదీ కాదత్తయ్యా."

"ఎవరిదీ కాకపోతే కాగితంమీదకి ఎట్టా వచ్చింది?"

"నేనే పెట్టాను. సార్ పెట్టమన్నాడు."

"ఎద్దు ఈనిందంటే దూడని కట్టెయ్యమన్నావా? చదువుకున్నావు కదే! నువ్వూ ఆడదానివే కదే! నీకొక నడుం ఉంది కదే!" అని కత్తెర బల్లమీద పడేసింది. "ఆ సారు మగాడు, వాడికి తెలీదనుకుందాం. నీకేమొచ్చింది మాయరోగం?"

ఉద్యోగం కోసమని చెప్పొచ్చు, కానీ ఎదురుగా ఆ పిల్ల కూర్చుని ఉండగా ఆ మాట నోటికి రాలేదు. అత్తయ్య ఆ మధ్యాహ్నమే డ్రెస్సు విప్పి, హర్షిణి ఒంటికి సరిపోయేలా, హాయిగా ఊపిరి తీసుకునేలా కుట్టింది. కుట్టినంతసేపూ నన్ను తిడుతూనే ఉంది. మావయ్య పెరుగన్నం కలిపి పెడితే హర్షిణి మాత్రం రెండు ముద్దలు మింగి, చాలండి అంది.

ఉత్సవానికి ముందురోజు బాపట్లలో రిహార్సల్‌కు అత్తయ్య కూడా వచ్చింది. ఎవరూ రమ్మనలేదు. సంచిలో సూదీ దారం, కత్తెర, టేపు పెట్టుకుని మాతోపాటు రైలెక్కేసింది.

కృష్ణకాంత్ డ్రెస్సు చూడగానే మొహం చిట్లించాడు. "ఏంటండీ ఇది? మేం ఇచ్చిన కొలతలేంటి, మీరు కుట్టిందేంటి? పర్లేదు, మా దగ్గర పట్టీ ఉంది" అని ఒక అట్టపెట్టె తెప్పించాడు. వెనక తాళ్లతో బిగించే నడుంపట్టీ. ఇద్దరు అమ్మాయిలు హర్షిణికి అది తొడిగి తాళ్లు లాగడం మొదలుపెట్టారు. మూడో లాగుడికి ఆ పిల్ల పెదాలు తెల్లబడ్డాయి. గోడ పట్టుకుంది.

"ఆపండి!" అత్తయ్య వెళ్లి కత్తెరతో తాళ్లు కోసేసింది. తర్వాత టేపు తీసి ఆయనవైపు నడిచింది. "బాబూ, ఒక్క నిమిషం ఇటు తిరుగు."

ఆయనకు అర్థంకాక తిరిగాడు. మనిషి భారీ మనిషి. అత్తయ్య టేపు ఆయన మెడచుట్టూ వేసి, చొక్కా కాలరు కొలిచినట్టు కొలిచి, ఆ హాల్లో ఉన్నవాళ్లందరికీ వినబడేలా చదివింది.

"పదిహేడు!"

పట్టీ తొడిగిన అమ్మాయిలిద్దరూ మెడ చాచి టేపువైపు చూశారు.

"నీ మెడ ఇది నాయనా. అన్నం దిగే గొట్టం ఒకటి, గాలి పోయే గొట్టం ఒకటి, దానికే నీకు పదిహేడంగుళాలు కావాల్సొచ్చింది. ఆ పిల్లకి పేగులు, కాలేయం, గర్భసంచి అన్నీ నీ మెడంత జాగాలో పట్టాలా? రేపల్లె ఆడోళ్ల మెడలు అంత ఉంటాయో ఉండవో గానీ, నడుములు మాత్రం అంత సన్నగా ఎవరికీ ఉండవు!"

వెనకనుంచి ఎవరో విద్యార్థులు ఈల వేశారు. ఆయన మొహం ఎర్రబడింది. టేపు పక్కకు లాగేసుకుని, "ఇది ఆటండీ. కల్పన. దీన్ని ఎవరూ నిజమనుకోరు" అన్నాడు.

"ఈ పిల్ల అనుకుంది. తిండి మానేసింది."

"అది ఆ అమ్మాయి సమస్య. అయినా నన్నంటారేంటి? ఆ బొమ్మ చేసింది మీ మేనకోడలే. ఫైలుమీద పేరు ఆవిడదే."

ఆయన చెప్పినదాంట్లో అబద్ధం లేదు. అందుకే నాకు ఇంకా మండింది.

"అవును సార్, నేనే చేశాను" అన్నాను. "మొదట ముప్ఫై ఒకటి చేశాను. మీరు పిన్ని అని నవ్వితే పదిహేడు చేశాను. అది నా తప్పు. పోస్టర్ మీద నిజమైన స్త్రీలు అన్నది మాత్రం మీ అబద్ధం. ఆ మాటా తీసెయ్యండి, నా పేరూ తీసెయ్యండి."

"తీసేస్తాను. ఆ అమ్మాయిని కూడా" అన్నాడు ఆయన.

ముందే చెప్పేస్తున్నాను, మేమేం గెలవలేదు. ఆట అనుకున్న రోజుకే విడుదలైంది. వేదికమీద హర్షిణి బదులు గంగ అట్టబొమ్మ నిలబెట్టారు. పోస్టర్ మీద మాట అలాగే ఉంది. నా ఉద్యోగం ఇప్పుడు ఇంకొకరు చేస్తున్నారు. అత్తయ్య కోపమూ తగ్గలేదు, నేను మేడ దిగినప్పుడల్లా ఒక విసురు విసురుతూనే ఉంటుంది. విసరనీ, నాకు రావలసిందే.

ఆ రోజు హాల్లోంచి బయటికి వచ్చాక కాలేజీ వరండా మెట్లమీద ముగ్గురం కూర్చున్నాం. హర్షిణి మామీద విరుచుకుపడింది. "మీ గొడవలో నా ఛాన్సు పోయింది! మా ఊరంతా చెప్పుకున్నాను, మా అమ్మ బంధువులందరికీ ఫోన్లు చేసింది. మీరెవరు నాకోసం పోట్లాడటానికి? నేనడిగానా?" అని అరిచింది. అత్తయ్య టేపు చుట్టుకుంటూ వింది. నాకు ఊహ తెలిశాక ఆవిడ ఒకళ్ల తిట్లు అలా పడటం నేను చూడలేదు.

అరిచి అరిచి ఆ పిల్ల అలిసిపోయింది. మోకాళ్లమీద గడ్డం ఆనించుకుంది. తర్వాత నావైపు చూడకుండా అడిగింది.

"అక్కా, నిజం చెప్పు. ఆ బొమ్మ లోపల ఏముంటుంది?"

"ఏమీ ఉండదు. పైన చర్మం ఒక్కటే గీస్తాం. లోపలంతా బోలు."

"పొట్ట?"

"ఉండదు."

"మరి తిన్నది ఎక్కడికి పోతుంది?"

"అది తినదు హర్షిణీ."

ఆమె తన పొట్టమీద చెయ్యి పెట్టుకుంది. ఏదో తప్పు చేసి దొరికిపోయినదానిలా తలొంచుకుని, మా ఇద్దరికే వినబడేంత చిన్నగా, "నాకు ఆకలేస్తోందక్కా" అంది.