రోజంతా బోణీ అడిగే బొమ్మ

మా తమ్ముడు శ్రీను మధురవాడలో, మనుషుల్లా మాట్లాడే రోబోలు తయారుచేసే కంపెనీలో ఉద్యోగం చేస్తాడు. పెద్ద షాపులో చేపల కౌంటరు దగ్గర నిలబెట్టే రోబోకి మాటతీరు నేర్పి, ముఖమూ గొంతూ ఇచ్చే మనిషి కావాలని ఆమధ్య నన్ను అడిగాడు. ఇరవై ఏళ్ళుగా మా వీధికి చేపలు తెచ్చే జాలరిపేట అప్పలమ్మను నేనే ఒప్పించాను. నీ పరువుకి నాది పూచీ అన్నాను. బొమ్మ తయారైంది, ఇద్దరూ వచ్చి చూడండని శ్రీను ఫోన్ చేశాడు.

పూజ ముగించుకుని తొమ్మిదింటికి ఇద్దరం మద్దిలపాలెంలో సిటీ బస్సెక్కాం. ఆధార్ కార్డు చూపిస్తే ఆడవాళ్ళకి టికెట్టు ఉచితం. హనుమంతవాక దగ్గర ట్రాఫిక్ ఆపకపోతే ముప్పావుగంట ప్రయాణం. దిగాక ఆటోకి యాభై. ఎక్కడికని అడిగి తెలుసుకున్న ఆటో అతను వెనక్కి తిరిగి, "బొమ్మే సేపలమ్మీత్తే నువ్వేటి సేత్తావు మామ్మా?" అన్నాడు.

"కుర్సీలో కూకుని దాని కాడ బేరమాడతాను," అంది అప్పలమ్మ.

కంపెనీలో జనానికి చూపించే హాల్లో నిలబెట్టిన బొమ్మ అచ్చం ఆవిడే. రెండు వైపులా ముక్కుపుడకలు, చెంపకి ఆనించిన చెయ్యి. మమ్మల్ని చూసి, "బోణీ సెయ్యండమ్మా" అంది. అప్పలమ్మ మురిసిపోయింది. మా వెనక వచ్చినవాళ్ళతోనూ అదే అంది. తర్వాత వచ్చినవాళ్ళతోనూ అదే. నాలుగోసారికి అప్పలమ్మ ముఖంలో నవ్వు లేదు.

బోణీ అంటే ఆ రోజు మొదటి బేరం. ఆ డబ్బు కళ్ళకద్దుకుని, సముద్రం వైపు దణ్ణం పెట్టి గానీ అప్పలమ్మ రెండో చేప తియ్యదు. ఆ తర్వాత, బుట్ట నిండా చేపలు మిగిలినా సరే, ఆ మాట ఎత్తదు. అందుకే ఆవిడ బోణీ అంటే మా వీధిలో ఎవరూ బేరమాడరు.

శ్రీను అది పలకరింపు అనుకున్నాడట. జనం ఆ మాటకే ఆగుతున్నారు, తీసేస్తే ఎలా అక్కా అన్నాడు.

"నాను దినానికి ఓపాలే అంటాను బాబూ," అంది అప్పలమ్మ. "నా మొకం ఎట్టుకుని అది రోజల్లా అబద్దమాడతంది. రేపు నానంటే ఎవులు నమ్ముతారు?"

నేను గొంతు పెంచే మనిషిని కాను. "మనిషిని చెయ్యాలనుకున్నవాడివి, ఏ మాట ఎక్కడ ఆపాలో ఆ మనిషిని అడగలేదేం?" అన్నాను. వచ్చే నెల మారుస్తామన్నాడు. వాడు తెప్పించిన భోజనం ముట్టలేదు. బొమ్మ పక్కన కుర్చీ వేసుకుని, జపమాల తిప్పుకుంటూ, వచ్చినవాళ్ళందరికీ ఇది బోణీ కాదు, నమ్మకండి అని చెబుతూ కూర్చున్నాను. మూడింటికి మా ఎదురుగానే ఆ మాట తీసేశారు. షాపులో ఇప్పటికే పెట్టిన ఇంకో బొమ్మకి మాత్రం వారం పడుతుందట.

మర్నాడు పొద్దున్న ఆరింటికి జాలరిపేట ఒడ్డుకి వెళ్ళాను. మొదటి బేరం నాదే. అప్పలమ్మ డబ్బు కళ్ళకద్దుకుంది, సముద్రానికి దణ్ణం పెట్టింది, బోణీ అన్న మాట మాత్రం అనలేదు. ఆ వారమంతా ఆ మాట ఏసీ షాపులో వినబడింది, ఒడ్డున వినబడలేదు. దేవుడి ముందు కూర్చున్నా నా కోపం చల్లారలేదు. సగం కోపం నా మీదే.

ఆ హాలు చూడాలంటే ముందు ఫోన్ చేసి, పదింటికల్లా వెళ్ళండి. మీ ముఖమూ గొంతూ అడిగితే, ఏ మాట ఎప్పుడు అనకూడదో కాగితం మీద రాయించాకే సంతకం పెట్టండి. నేను రాయించలేదు.