టెంపియో హోటల్లో అడిగి తీసుకున్న హెయిర్ డ్రయర్

నన్ను ఇటలీ పంపిస్తున్నారంటే ఖతర్‌లోని బిర్కత్ అల్ అవామిర్ లేబర్ క్యాంపులో మా గదివాళ్ళు ఒక్కరూ నమ్మలేదు. ఊళ్ళో మా అత్తమ్మయితే అసలు పట్టించుకోనే లేదు. "దుబాయ్‌లనే ఇంకో మూలకు తోలుతుండ్రు, గంతే," అని మా ఆవిడతో అన్నదట. ఆమె లెక్కలో ఖతర్ కూడా దుబాయే, ఇటలీ కూడా దుబాయే.

ఖతర్‌లో చమురు, గ్యాసు డబ్బు పొంగి ఎటు చూసినా క్రేన్లే కనిపిస్తున్న రోజులవి. మా కంపెనీ ఉమ్ సలాల్‌లో ఒక పెద్దాయనకు ఇల్లు కడుతోంది. ఆ ఇంటి ముంగిట్లో ఫౌంటెన్ కింద పెట్టడానికి ఎనిమిది అడుగుల వెడల్పు తొట్టి కావాలి. అతుకు లేకుండా ఒకే గ్రానైట్ రాయిలో చెక్కాలి. రాయి ఇటలీలోని సార్డీనియా దీవిలో టెంపియో అనే కొండ ఊరి దగ్గర దొరికింది. ఉలి పెట్టకముందే మా తరఫున ఎవరో ఒకరు వెళ్ళి, రాయిని పరీక్షించి సంతకం పెట్టాలి. వెళ్ళవలసిన ఇంజనీరు ఉద్యోగం మానేసి వెళ్ళిపోయాడు. అట్లా నా వంతు వచ్చింది.

నా పేరు మల్లేశం. కరీంనగర్ క్వారీల్లో పదేళ్ళు పనిచేశాను. రాయిని సుత్తెతో కొట్టి, చప్పుడు విని, లోపల పగులుందో లేదో చెప్పగలను. ఖతర్ ఐడీ మీద మాత్రం మేస్త్రీ అనే ఉంటుంది. అంతకు ముందు ఏడాది అల్ వక్రాలో ఒక ఇంటి మెట్లకు వచ్చిన రాళ్ళలో రెండు పనికిరావని చెప్పాను. మేస్త్రీ మాట ఎవరు వింటారు? జూన్ ఎండకు సరిగ్గా ఆ రెండే పగిలాయి. అప్పటి నుంచి మా ప్రాజెక్ట్ మేనేజర్ ఫయాజ్ భాయ్ రాళ్ళ విషయం వస్తే నన్ను పిలుస్తాడు. ఆయనది హైదరాబాద్. మంచివాడే గాని, ఆ ఇంటి గృహప్రవేశం రంజాన్‌కు ముందే అయిపోవాలని పెద్దాయన పట్టుబట్టాడు. అందుకని బయలుదేరే ముందు నా చేతిలో కాగితాలు పెడుతూ ఒకే మాట చెప్పాడు.

"రాయి ఎట్లున్నా పరేషాన్ గాకు మల్లేశం. ఫోటోలు మంచిగనే ఉన్నయి. పోయి దస్కత్ పెట్టి వాపస్ వచ్చెయ్."

ఆ కాగితం మీద నా పేరు పక్కన ఇన్‌స్పెక్టర్ అని అచ్చయి ఉంది. కింద రెండు గళ్ళు: ఒకటి సరే, రెండోది వద్దు. నాకు ఒక గడి చాలని ఫయాజ్ భాయ్ అనుకుంటున్నాడు. నాకు మాత్రం ఒళ్ళు మండింది. చూడకుండా సరే అనడానికైతే నేనెందుకు? రబ్బరు స్టాంపును పంపినా సరిపోతుంది కదా.

సోమవారం పొద్దున ఏడున్నరకు దోహాలో విమానం ఎక్కాను. నా సుత్తెను బట్టల మధ్య చుట్టి పెద్ద బ్యాగులో పెట్టాను, చేతి సంచీలో ఉంటే విమానంలోకి రానివ్వరు. మధ్యాహ్నానికి రోమ్, అక్కడి నుంచి చిన్న విమానంలో సాయంత్రం నాలుగున్నరకు సార్డీనియాలోని ఓల్బియా. ఇక్కడ మన వాళ్ళు తెలుసుకోవాల్సింది ఒకటుంది. టికెట్ బస్సులో ఇవ్వరు, సిగరెట్లమ్మే కొట్లో కొనాలి. బస్టాపు దగ్గర గొడుగులమ్ముతున్న బంగ్లాదేశ్ అతను హిందీలో ఈ సంగతి చెప్పకపోతే నేను అక్కడే నిలబడిపోయేవాణ్ణి. "గొడుగు కూడా కొను, పైన మంచు వానలాగే పడుతుంది," అన్నాడు. ఐదు యూరోలకు కొన్నాను.

ఐదూ యాభైకి బస్సు కదిలింది. దారంతా మలుపులే. రోడ్డు పక్క చెట్లకు మోకాళ్ళ నుంచి మొదలుపెట్టి మనిషి ఎత్తు దాకా బెరడు ఒలిచేసి ఉంది, బస్సు లైట్ల వెలుగులో మాను ఎర్రగా కనబడింది. నేను వింతగా చూడడం గమనించి పక్క సీటు ముసలాయన జేబులోంచి సీసా బిరడా తీసి చూపించాడు. బిరడాలు ఈ బెరడుతోనే చేస్తారన్నమాట. తరవాత నా వైపు చూసి వేలు తిప్పుతూ ఏదో అడిగాడు. ఎక్కడివాడివని కాబోలు. "ఖతర్," అన్నాను. ఆయన తల అడ్డంగా ఊపాడు. "ఇండియా," అన్నాను. అప్పుడు తృప్తిగా కళ్ళు మూసుకున్నాడు.

ఏడూ ఇరవైకి టెంపియో చేరాం. ఊరంతా గ్రానైటే: గోడలు, గడపలు, బాల్కనీ కింది దిమ్మెలు, చివరికి మురుగు కాలువ మూతలు కూడా. మా కరీంనగర్‌లో ఇంత రాయి తీస్తాం గాని ఓడలెక్కించి పంపేస్తాం, ఇళ్ళు మాత్రం ఇటుకతో కట్టుకుంటాం. ఇక్కడివాళ్ళు తమ రాయిని తామే ఉంచుకున్నారు. నాకు ఈర్ష్య కలిగిన మాట నిజం.

నా హోటల్ ఊరి నడిబొడ్డున, చౌరస్తాలోనే ఉంది. లిఫ్టు లేదు. జనం ఎక్కీ దిగీ రాతి మెట్ల మధ్యలో గుంటలు పడ్డాయి. హోటల్ నడిపేది గ్రాజియా అనే అరవై ఏళ్ళ ఆవిడ. ఆమెకు ఇంగ్లీషు పది ముక్కలు వస్తే నాకు ఇటాలియన్ ఒక్క ముక్క రాదు. తొమ్మిదో నంబరు గది ఇచ్చింది. రోజుకు నలభై అయిదు యూరోలు, పొద్దుటి టిఫిను అందులోనే. గదిలో మంచం, ఉన్ని దుప్పట్లు రెండు, చెక్క తలుపుల కిటికీ, గోడకు హెయిర్ డ్రయర్ తగిలించే పాత కొక్కెం, అది ఖాళీ. పదేళ్ళుగా ఆరుగురితో గది పంచుకుంటున్నవాణ్ణి. తలుపు వేసుకుని అయిదు నిమిషాలు ఊరికే నిలబడ్డాను, హాయిగా అనిపించింది.

భోజనానికి కిందికి దిగి, నెత్తి మీద రెండు వేళ్ళతో కొమ్ములు పెట్టి "నో" అన్నాను. గ్రాజియమ్మ పగలబడి నవ్వి, చిక్కుడుగింజల చారు, అప్పడంలాంటి పల్చటి రొట్టె, గొర్రెపాల చీజ్ తెచ్చింది. రొట్టెను పొయ్యి మీద పుల్కాలాగ వెచ్చబెట్టింది. కాఫీ మాత్రం మన తులసి తీర్థమంతే ఇస్తారు, ముందే పాలు అడగండి.

మంగళవారం ఎనిమిదింటికి క్వారీ యజమాని పియెత్రో జీపు తీసుకుని వచ్చాడు. నా వయసే ఉంటుంది, అరచేతులు గరుకు. గల్ఫ్‌కు రాళ్ళమ్మిన అనుభవం ఉంది కనుక నన్ను చూడగానే "యల్లా, యల్లా" అన్నాడు, అరబ్బీలో పద పద అని. ఇంగ్లీషు నాలాగే పొడిపొడిగా మాట్లాడతాడు. క్వారీ ఊరికి ఆరు కిలోమీటర్లు.

రాయి అద్భుతంగా ఉంది. లేత బూడిదరంగు, గింజ సమంగా పరచుకుంది. దాన్ని చూస్తే నాకే సంతకం పెట్టేయాలనిపించింది. కాని పరీక్ష ఎట్లా? మా పద్ధతిలో రాయి మీద బకెట్టు నీళ్ళు చల్లి, ఎండకు ఆరేదాకా చూస్తాం. ఒళ్ళంతా తెల్లబడినా పగులున్న చోట నీరు దాక్కుని నల్లటి గీతలా మిగులుతుంది. ఖతర్‌లో రెండు నిమిషాల పని. ఇక్కడ నవంబరు మంచుకు రాయి తెల్లవారినప్పటి నుంచి తడిగానే ఉంది. ఆరేదెప్పుడు? గొడుగు విప్పి దాని కిందే నిలబడ్డాను.

ఇక మిగిలింది సుత్తె. కాని రంపాల మోతకు నా మాటే నాకు వినిపించడం లేదు. ఆపమంటే పియెత్రో గడియారం చూపించాడు. ఒంటిగంటకు అందరూ భోజనానికి వెళ్తారు, మూడు దాకా క్వారీ నిశ్శబ్దం. ఒంటిగంటకు సుత్తె పట్టుకుని అంగుళమంగుళం కొట్టుకుంటూ పోయాను. గంట మోగినట్టు మోగింది. ఒక మూల మాత్రం మోత కాస్త మొద్దుగా అనిపించింది. పగులా? తడి వల్లా? నాకు తేలలేదు. అనుమానం మీద ఇంత రాయిని కాదనలేను, అనుమానంతో సరే కూడా అనలేను.

సాయంత్రం హోటల్ హాల్లో ఉండగా ఫయాజ్ భాయ్ ఫోన్.

"దస్కత్ అయిందా?"

"రేపటిదాంక ఆగండ్రి భాయ్. ఒక మూలన అనుమానం ఉన్నది."

"అరె, పెద్దాయన రోజుకు మూడుసార్లు అడుగుతుండు. అనుమానాలకు టైం మాఫీ, అస్సల్ లేదు. రేపు దస్కత్ కాకుంటే నీ సంగతి ఈడికొచ్చినంక చూద్దాం."

ఆ మాటకు నాకు భయమేసింది. ఉద్యోగం పోతే పోనీ అనుకునేంత ధీమా నాకు లేదు, ఆ జీతం ఇంటికి కావాలి. కాని అల్ వక్రా మెట్లు కళ్ళముందు మెదిలాయి. అప్పుడు నా మాట ఎవరూ వినలేదు, నా తప్పు కాదు. ఇప్పుడు కాగితం మీద నా పేరే ఉంది.

ఇట్లా తల పట్టుకుని కూర్చుంటే గ్రాజియమ్మ తలస్నానం చేసి, జుట్టు ఆరబెట్టుకుంటూ వంటింట్లోంచి వచ్చింది. ఆమె చేతిలో హెయిర్ డ్రయర్ ఉంది. నేను దిగ్గున లేచాను. డ్రయర్ వైపు చూపించి, నా గుండె మీద చేయి పెట్టుకుని, రేపు కావాలని చేతులతో చెప్పాను. ఆమె డ్రయర్ వైపు చూసింది. తరవాత నా నెత్తి వైపు చూసింది. నాది నున్నటి బట్టతల. ముక్కున వేలేసుకుని, ఏమనుకుందో ఏమో, వైరు చుట్టి నా చేతికిచ్చేసింది.

బుధవారం పియెత్రో డ్రయర్‌ను అటూ ఇటూ తిప్పి చూశాడు. షెడ్డులోంచి పొడుగు వైరు లాగించి ఇచ్చాడు. అనుమానమున్న మూల మీదికి గొడుగు పట్టుకుని తను నిలబడ్డాడు, నేను మోకాళ్ళ మీద కూర్చుని డ్రయర్ ఆడించాను. చుట్టూ పనివాళ్ళు చేరి నవ్వుతున్నారు. పావుగంటకు రాయి తెల్లబడడం మొదలైంది. అరగంటకు అరచేయంత, తరవాత చాటంత ఆరింది. ఆ తెలుపులో వెంట్రుకంత సన్నగా ఒక నల్లటి గీత, అంచు నుంచి లోపలికి మూరెడు, మిగిలిపోయింది. అదే సమయంలో డ్రయర్ టప్పుమని పొగ కక్కి ఆగిపోయింది.

నవ్వులు కూడా ఆగిపోయాయి. "రంగు. రాయిలో ఉండే చార," అన్నాడు పియెత్రో మెల్లగా. నేను వాదించలేదు. ఒంటిగంటకు రంపాలు ఆగాక సుత్తె అతని చేతికే ఇచ్చాను. మంచి చోట కొట్టాడు, గీత పక్కన కొట్టాడు. మళ్ళీ కొట్టాడు. సుత్తె నాకు తిరిగిచ్చేసి టోపీ తీసి తల గోక్కున్నాడు. వేరే రాయి తీసి సిద్ధం చేయడానికి ఆరు వారాలు పడుతుందని వేళ్ళతో చూపించాడు.

నేను రెండో గడిలో టిక్కు పెట్టి, తెలుగులో సంతకం చేశాను. నాకు వచ్చిన సంతకం అదొక్కటే. ఫయాజ్ భాయ్‌కి ఫోన్ చేసి చెప్పాను.

"ఒక్క గీతకు ఆరు వారాలు ఆపుతవా? పెద్దాయనకు నేనేం జెప్పాలె?"

"పగిలిన తొట్టి చూపెట్టుడుకంటె ఇది చెప్పుడే అల్కగ ఉంటది భాయ్."

ఆయన ఫోన్ పెట్టేశాడు.

హోటల్‌కు వచ్చి కాలిపోయిన డ్రయర్ బల్ల మీద పెట్టి తల వంచుకున్నాను. డబ్బు తీసి ఇవ్వబోతే గ్రాజియమ్మ నా చేయి తోసేసింది. క్వారీ కబురు అప్పటికే ఆమెకు చేరినట్టుంది. చెవి దగ్గర వేలు పెట్టుకుని, బల్లను రెండుసార్లు తట్టి, నా వైపు చూసి తల ఊపింది. ఆ రాత్రి తేనె పోసిన చీజ్ బూరె ఒకటి ఎక్కువ వడ్డించింది.

గురువారం పొద్దున తొమ్మిది గంటల బస్సుకు నిలబడి ఉంటే పియెత్రో జీపు వచ్చి ఆగింది. నేను వెళ్ళాక మనసాగక, ఆ గీత వెంట మేకులు దిగ్గొట్టించాడట. మూల విడిపోయింది. అందులో కొబ్బరికాయంత ముక్క నా చేతిలో పెట్టాడు. కొత్తగా విరిగిన వైపు తెల్లగా మెరుస్తోంది. పాత పగులు వైపు మాత్రం గోధుమరంగు తుప్పు పట్టి ఉంది. నీళ్ళు ఎన్ని ఏళ్ళుగా ఆ సందులో దూరుతున్నాయో. కరచాలనం చేసి బస్సెక్కాను.

రోమ్‌లో రెండున్నర గంటలు ఖాళీ దొరికింది. ఎయిర్‌పోర్ట్ కొట్లో అక్కడి ప్లగ్గుకు సరిపోయే హెయిర్ డ్రయర్ కొన్నాను, ముప్పై తొమ్మిది యూరోలు. విమానంలో పక్కన కూర్చున్న కేరళ నర్సు ఆ డబ్బా వైపూ నా తల వైపూ చూసి, భార్యకా అని హిందీలో అడిగింది. హోటల్‌కు అన్నాను.

దోహాలో కస్టమ్స్ ఆఫీసరు ఎక్స్‌రేలో రాయిని చూసి బయటికి తీయించాడు. "హజర్?" అన్నాడు. రాయేనా అని. అవునన్నాను. "ఇక్కడ రాళ్ళు లేవా?" అని నవ్వి పొమ్మన్నాడు.

బయట కంపెనీ డ్రైవరు ఉంటాడనుకున్నాను. ఫయాజ్ భాయే వచ్చాడు. కారులో కూర్చోగానే, ఆయన నోరు తెరవకముందే రాయిని ఆయన ఒళ్ళో పెట్టాను. లోపలి లైటు వేసి, తుప్పు రంగును బొటనవేలితో రుద్దాడు. పోలేదు.

"ఇది ముందునుంచే పగిలున్నదా?"

"ఎన్ని యేండ్ల కిందనో భాయ్."

రాయిని డాష్‌బోర్డు మీద పెట్టాడు. తరవాత నా కాళ్ళ దగ్గరున్న డబ్బా మీద కళ్ళు పడ్డాయి.

"నెత్తి మీద ఒక్క ఎంటిక లేదు, ఇదెందుకు నీకు?"

"హోటలామెది కాలిపోయింది. ఆరు వారాలకు కొత్త రాయి చూడనీకె ఎవరన్న పోవాలె గద, అప్పుడు ఇయ్యాలె."

ఫయాజ్ భాయ్ కారు స్టార్ట్ చేశాడు. టెంపియోలో నేను గడిపింది మూడు రాత్రులే. ఆ ఊరివాళ్ళ భాష నాకు రాదు, నా భాష వాళ్ళకు రాదు. అయినా పదేళ్ళ గల్ఫ్‌లో దొరకనంత శ్రద్ధగా నా మాట విన్నది అక్కడే. రెండో సిగ్నల్ దగ్గర కారు ఆగినప్పుడు ఆయన రోడ్డు వైపే చూస్తూ అన్నాడు.

"ఈసారి మంచి కోటు కొనుక్కో. ఇంకా చలి ఎక్కువుంటదట ఆడ."

కోటు సంగతి నేను చూసుకుంటానన్నాను. తొమ్మిదో నంబరు గది మాత్రం ఇప్పుడే చెప్పి పెట్టమన్నాను.