యాకోబుకు చూపించిన కాలు

ఉదయం ఆరూ పదికి కరీంనగర్ బస్టాండు నుంచి ఆదిలాబాద్ బస్సు కదిలింది. పరుగెత్తి ఎక్కాను. పరుగంటే పరుగు కాదు, ఆటో దిగి కండక్టరును బతిమాలి ఎక్కాను. డెబ్బై రెండేళ్ళు వచ్చినా మాటను ఉబ్బించి చెప్పే అలవాటు పోలేదు. ఈ ప్రయాణం వచ్చిపడింది కూడా దానివల్లే.

మా చర్చిలో ఆదివారం సాక్ష్యాలు చెప్పుకుంటాం. ఇతరులను ధైర్యపరచడం దేవుడు నాకు అప్పగించిన పని అని నా నమ్మకం. పోయిన ఆదివారం లేచి, షుగరుతో నా కాలు కుళ్ళిందనీ, డాక్టర్లు కోయాలన్నారనీ, ప్రార్థన చేసి నా కాళ్ళ మీదే ఇంటికి నడిచి వచ్చాననీ చెప్పాను. రెండు వేళ్ళు తీయించుకున్నాకే నడిచానన్న సంగతి మింగేశాను. బూటు తొడిగితే ఎవరికీ కనిపించదు. అందరూ హల్లెలూయా అన్నారు. ఇచ్చోడ దగ్గరి పత్తి రైతు యాకోబు ఆ రోజు చుట్టాలింటికి వచ్చి, వెనక వరుసలో కూర్చుని విన్నాడు.

నిన్న సాయంత్రం అతని భార్య రూతమ్మ ఫోన్ చేసింది. యాకోబు ఆదిలాబాద్‌లో ఆసుపత్రిలో ఉన్నాడు. అతనికీ షుగరే. కాలి వేళ్ళకు చీము పట్టింది. ఇవాళ రెండింటిలోగా తీయకపోతే కాలు దక్కదన్నారట. కరీంనగర్ తాతకు ప్రార్థనతో తగ్గింది, నాకూ తగ్గుతుందని ఆపరేషన్ కాగితం మీద సంతకం పెట్టడం లేదట. ఫోనులో యాకోబుకే నిజం చెప్పాను. రూతమ్మే నాతో అలా చెప్పించిందన్నాడు. నాది బటన్ల ఫోను, కాలు చూపిద్దామన్నా కుదరదు. అందుకే బస్సెక్కాను.

జగిత్యాలలో చాయ్‌కి కూడా దిగలేదు. తొమ్మిదింబావుకు ఆర్మూర్‌లో భైంసా పత్తి వ్యాపారి ఒకాయన నా పక్కన కూర్చున్నాడు. ఎక్కడికని అడిగితే, ఒక మనిషిని కాపాడడానికి వెళుతున్నానని మొదలుపెట్టాను. ఆయన గౌరవంగా చూశాడు. ఆ చూపు బాగానే ఉంది. ఇంకో నాలుగు మాటలు కలిపేలోగా గడియారం మీద కన్నుపడి, ఉన్నదంతా చెప్పేశాను.

"అంటె చాచా, ఆగం జేసింది నువ్వే, బచాయించనీకె పోయేది నువ్వేనా?"

నిర్మల్‌లో దిగేటప్పుడు మళ్ళీ నా వైపు తిరిగాడు. "ఫికర్ జెయ్యకు అననీకె నోరొస్తలేదు. జర జల్ది పో."

నిర్మల్ దాటాక ఘాట్ రోడ్డు మీద లారీ అడ్డంగా ఆగిపోయింది. పదకొండు. పదకొండున్నర. అడవిలో ఫోనుకు సిగ్నల్ లేదు. ప్రార్థన చేశాను, ఇది మాత్రం ఉబ్బించి చెప్పడం లేదు. మీరెవరైనా తొందర పనిమీద ఈ దారిన వెళ్ళాల్సివస్తే రెండు గంటలు చేతిలో పెట్టుకోండి. పన్నెండుకు లారీ జరిగింది. ఆదిలాబాద్‌లో ఆసుపత్రి చేరేసరికి ఒంటిగంటా యాభై.

యాకోబు కాలు చూడగానే, దారంతా కూడబెట్టుకున్న వాక్యాలన్నీ పోయాయి. మంచం అంచున కూర్చుని బూటు, మేజోడు తీసి నా కాలు అతని ముందు పెట్టాను. వేళ్ళు లేని చోటును చాలాసేపు చూశాడు.

"గంతమందిల అబద్ధమాడినవా తాతా?"

"ఆడిన బిడ్డా. దేవుని పేరు పెద్దగ చేస్తున్న అనుకున్న. నా పేరే చేసుకున్న."

"నీ మాట పట్టుకోని నాలుగు దినాలు మందులు గూడ బంద్ జేసిన."

నర్సు కాగితం పట్టుకుని తలుపు దగ్గర నిలబడింది. నొప్పి ఎట్లుంటదని అడిగాడు యాకోబు. కట్టు మార్చినప్పుడల్లా ఏడ్చాననీ, స్నానాలగదిలో రెండుసార్లు పడ్డాననీ, మా ఆవిడ పట్టుకుని నడిపిస్తే సిగ్గుపడ్డాననీ, ఇప్పటికీ బూటు ముందు భాగంలో దూది కుక్కుకుంటాననీ చెప్పాను. చర్చిలో ఏనాడూ చెప్పని సంగతులు.

"ఏడ్సినవా?" అని మళ్ళీ అడిగాడు.

"మస్తు ఏడ్సిన."

"గది జెప్పాలె గద ముందుగాల," అని పెన్ను కోసం చెయ్యి చాపాడు.

అతన్ని లోపలికి తీసుకెళ్ళాక, నాలుగింటి బస్సు పట్టుకున్నాను. బస్టాండులో రెండు సమోసాలు తిన్నాను. నిజానికి మూడు. ధైర్యపరచడమంటే నా కష్టాన్ని చిన్నదిగా, నా విశ్వాసాన్ని పెద్దదిగా చూపించడమని ఇన్నేళ్ళూ అనుకున్నాను.

నిర్మల్ దాటుతుంటే రూతమ్మ ఫోన్. మూడు వేళ్ళు తీశారట. కాలు దక్కుతుందన్నారట. ఎన్ని దినాలకు నడుస్తనో తాతను అడగమంటున్నాడట.

వారం అని నోటిదాకా వచ్చింది.

"నాకైతె మూడు నెల్లు పట్టింది," అన్నాను.

ఆమె అతనికి చెప్పడం వినిపించింది.

"గట్లయితె పత్తి ఏరే యాల్లకు నడుస్త అంటుండు," అంది.