తామసిన్ అత్త మింగేసిన మాట

మా నార్తంబర్లాండ్ రేవులో వేటకు బయల్దేరినవాడి ముందు ‘పంది’ అనకూడదు. తప్పనిసరైతే ‘గిస్సీ’ అంటాం. అసలు మాట చెవిన పడిందంటే ఎంతటివాడైనా ఇనుము ముట్టుకుని ఇంటిముఖం పట్టాల్సిందే. బయటివాళ్లు నవ్వుతారు. నవ్వనీండి, సముద్రం మీదికి పోయేది వాళ్లు కాదుగా.

మా పక్కింటి తామసిన్ అత్త పెళ్లయిన కొత్తలో ఒకసారి నోరు జారింది. భర్త రాల్ఫ్ పడవ ఆ రోజు కదల్లేదు. తోటివాళ్లు అతణ్ణి వారం రోజులు ఆటపట్టించారు.

“ఇంకోసారి ఆ మాటన్నావంటే రేవులో నా మొహం ఎక్కడ పెట్టుకోను?” అని రాల్ఫ్ ఆమెను కసిరాడు.

నెల తిరిగాక ఒక పొద్దున గాలి తేడాగా ఉంది. వద్దంటే వినడని ఆమెకు తెలుసు. ఆ ఒక్క మాట చాలనీ తెలుసు. నాలుక చివరిదాకా వచ్చినదాన్ని మింగేసి, రొట్టె మూట అతని చేతికిచ్చింది. రాల్ఫ్ తిరిగి రాలేదు. శవం కూడా దొరకలేదు.

తర్వాత నలభై ఏళ్లు, గాలి బాగాలేని ప్రతి పొద్దునా ఆమె రేవు మెట్ల మీద నిలబడి “పంది!” అని గొంతెత్తి అరిచేది. మేం తిట్టుకుంటూ వెనుదిరిగేవాళ్లం. అందరికంటే ఎక్కువ తిట్టింది నేనే.

“నీ నోరు పడిపోను! పిల్లలకేం పెట్టమంటావ్ అత్తా?”

“ఇవాళ్టికి బంగాళాదుంపలు పెట్టు. నువ్వుంటే రేపు చేపలు పెడతావ్.”

“ఆకాశం బాగానే ఉంది కదే!”

“ఆవేళ ఆయనా అదే అన్నాడు, హిన్నీ.”

హిన్నీ అంటే మా వైపు కన్నబిడ్డను పిలిచే పిలుపు. అంత తిట్టినా నన్ను అలాగే పిలిచేది.

ఒక ఏడాది పక్క ఊరి పడవలు రెండు మునిగాయి. మావి ఒడ్డునే ఉన్నాయి. అయినా ఆమె గుమ్మం ఎక్కి ఒక మంచి మాట చెప్పినవాడు లేడు. నేనూ చెప్పలేదు. తలుచుకుంటే ఇప్పటికీ సిగ్గేస్తుంది.

మొన్న మార్చిలో అత్త పోయింది. పడవలవాళ్లం ఆరుగురం పెట్టె మోశాం. పాస్టర్ ప్రార్థన చదువుతున్నాడు, మేం తాళ్లు వదులుతూ పెట్టెను గోతిలోకి దించుతున్నాం. నాకు దుఃఖం ఆగలేదు.

“పంది,” అన్నాను గట్టిగా.

ఎవరూ నన్ను కసరలేదు. తాళ్లు పట్టుకున్న చేతులన్నీ ఆగిపోయాయి. పాస్టర్ తలెత్తి ఏమైందని అడిగేదాకా మాలో ఒక్కరూ పెట్టెను కిందికి పోనివ్వలేదు.