తల్లిగద్ద పెట్టడం మానేసిన ఎండాకాలం

గద్దను గురించి మనవాళ్ల నోట మంచిమాట రావడం నేను అరుదుగా విన్నాను. ఎవడైనా పరుల సొమ్ము కాజేస్తే గద్దలా తన్నుకుపోయాడంటారు. అదే మెడ తెల్లగా, ఒళ్లు ఎర్రగా ఉన్న దాని దాయాదికి మాత్రం గరుడుడని పేరుపెట్టి, ఆకాశంలో కనిపిస్తే చెంపలు వేసుకుంటారు. ఈ పక్షపాతం నాకు ఏనాడూ మింగుడుపడలేదు. నేను ఆదోనిలో పుట్టినవాణ్ణి. పత్తిమిల్లుల రేకుల కప్పుల మీదా, కోటకొండ బండల మీదా తిరిగే గద్దలను చూస్తూ పెరిగినవాణ్ణి. వాటిని దొంగలనేవాళ్లలో ఒక్కడైనా ఒక పూట నిలబడి, గద్ద తన పిల్లను ఎట్లా పెంచుతుందో చూశాడా అని అప్పుడూ అడిగాను, ఇప్పుడూ అడుగుతున్నాను.

కర్నూలు రాజధానిగా ఉన్న ఆ కొద్దికాలంలో నేను ఎమ్మిగనూరులో బడిపంతులుగా పనిచేశాను. నేతగాళ్ల వీధి చివర ఒక మిద్దె మీద గది అద్దెకు తీసుకున్నాను. ఆ గది కిటికీకి ఎదురుగా, పక్కింటి పెరట్లో ఒక వేపచెట్టు ఉండేది. చలికాలం వెళ్లిపోతుండగా దాని పైకొమ్మల్లో ఒక గద్దల జంట గూడు కట్టింది. పుల్లలతో పాటు వీధిలో దొరికిన నూలు పోగులూ, చింకిగుడ్డలూ ఎత్తుకెళ్లి గూట్లో పరుచుకుంది. చూసినదాన్ని చూసినట్టు ఆ పూటే రాసి ఉంచుకోవడం నాకు అప్పటికే అలవాటు. గూట్లో ఒకే పిల్ల మిగిలిందనీ, దాని రొమ్ము మీద నూకలు చల్లినట్టు లేతచుక్కలున్నాయనీ రాసుకున్నాను.

ఆ పెరడు ఒక దూదేకుల అవ్వది. ఆమె దూది ఏకి బొంతలు కుట్టేది. కొడుకూ కోడలూ ఆదోనిలో పత్తి ప్రెస్సు పనికి పోయి, ఆరేళ్ల మనవరాలిని ఆమె దగ్గర వదిలారు. ఆ పిల్లకు మాఘమాసం నుంచీ జ్వరం తగ్గుతూ, మళ్లీ తగులుతూ ఉండేది. వైద్యుడి మందులు పడుతూనే ఉన్నాయి. అన్నం మాత్రం సహించేది కాదు. నాలుగు మెతుకులు నోట పెట్టుకుని తల తిప్పేసుకునేది. అవ్వ ఒక మొక్కు మొక్కుకుంది. ప్రతి శుక్రవారం ఒక మాంసం ముక్కను పిల్ల తలచుట్టూ దిగదుడిచి, పెరట్లో నిలబడి గద్దలకు వేసేది. గద్ద దాన్ని ఎత్తుకుపోతే పిల్లకు పట్టిన పీడ కూడా దానితో పోతుందని ఆమె నమ్మకం. పెద్దగద్దలు ముక్కను నేలకు తాకనీయకుండా గాలిలోనే అందుకుని వెళ్లేవి. అవ్వ తృప్తిగా నిట్టూర్చేది.

ఉగాది దాటాక పిల్లగద్ద గూడు విడిచి కొమ్మల మీదికి వచ్చింది. మరికొన్నాళ్లకు గోడ మీదికీ, మా మిద్దె పిట్టగోడ మీదికీ ఎగరసాగింది. బడికి వేసవి సెలవులిచ్చినా నేను ఇంటికి వెళ్లలేదు. చివరికి ఒక ఆదివారం ఆదోని వెళితే మా అమ్మ నన్ను ఎగాదిగా చూసింది.

"సెలవులిచ్చినా రాకపోతివి. ఆడ ఎవురి పిల్లనన్నా సూసుకున్నావేమిరా?"

"పిల్లనే చూస్తున్నానమ్మా. గద్దపిల్లను."

"మంచిదేలే. అది కోడలైతే ఇంటికి కూర కొనే పని తప్పుతాది," అని అమ్మ చాటలోని జొన్నలు చెరగడంలో పడింది.

తిరిగి వచ్చేసరికి వీధిలో తల్లిగద్దకు శాపనార్థాలు మొదలయ్యాయి. కారణం, అది పిల్లకు తిండి పెట్టడం మానేసింది. మానేసిందనడం కూడా సరికాదు. ఎలుకనో తొండనో కాళ్లలో పట్టుకుని పిల్ల ముందునుంచే మెల్లగా ఎగిరిపోయేది. పిల్ల అరుస్తూ వెంటపడితే ఇంకొంచెం దూరం తీసుకెళ్లేది. చాలాదూరం ఎగిరితే ఒక్కొక్కసారి ఇచ్చేది, ఒక్కొక్కసారి తానే తినేసేది. కొమ్మ మీద కూర్చుని అరిచినంత మాత్రాన ఏమీ దొరికేది కాదు. పడుగు నూలుకు గంజి కాచే ఆడవాళ్లు దీన్ని చూసి నొసలు కొట్టుకున్నారు.

"కన్నదేనా ఇది? కడుపా, కసాయి బండా?"

"మా ఆడబిడ్డ గూడా ఇంతేలేమ్మా. పిలకాయల ముందరే తింటాది."

ఆకాశాన్ని చూడటానికి తీరికలేని మనిషి తీర్పు చెప్పడానికి మాత్రం ఎప్పుడూ తీరిక చేసుకుంటాడు. ఆ తల్లి పిల్లను ఎగరడానికి పిలుస్తోందని నేను చెబితే ఒక్కరూ చెవిన పెట్టలేదు. పైగా పిల్లగద్దకు తలా ఇంత ముక్క వేయడం మొదలుపెట్టారు. అందరికంటే ఎక్కువగా వేసింది అవ్వ. శుక్రవారం మొక్కు కాస్తా రోజువారీ అయింది. పిల్లగద్ద గోడ మీద కూర్చుని ఆమె చేతి దగ్గరే ముక్క అందుకునేది. ఆ వారంలోనే మనవరాలికి జ్వరం కొంత తగ్గింది. ఇక అవ్వ మనసులో ఆ పిట్టా ఈ పిల్లా ముడిపడిపోయాయి.

"సూడు ఐవారూ, వాడు తింటే ఈమెకు తగ్గుతాది. నా తల్లి కోసరమే వచ్చినాడు వాడు."

అరిచినచోటనే అన్నం దొరుకుతున్నప్పుడు రెక్కలాడించే పని ఎవరికి మాత్రం కావాలి? అది తల్లి వెంట పోవడం మానేసింది. మనిషి కనిపిస్తే కిందికి దిగసాగింది. అక్కడే చిక్కు వచ్చింది.

నేతగాళ్ల వీధిలో పొద్దు పొడవకముందే పడుగులు సాచేవారు. వీధి పొడవునా పంగకర్రల మీద నూలు బిగించి, గంజి పట్టించి, ఇద్దరు మనుషులు చెరొకవైపు నిలబడి పొడవాటి కుంచెతో దువ్వుతూ నడిచేవారు. ఎండ ముదిరేలోగా పోగు పోగుకూ అంటకుండా ఆరాలి. అది చెడితే ఆ ఇంటి మగ్గం ఆగినట్టే. ఒక ఉదయం గంజి తపేలా పట్టుకుని వస్తున్న మనిషిని చూసి, తనకే తిండి తెస్తున్నాడనుకుని, ఆ పిల్లగద్ద తడి పడుగు మధ్యకు దిగింది. గోళ్లకు నూలు చుట్టుకుంది. బెదిరి రెక్కలు కొట్టుకుంటే పోగులు పుటపుటమని తెగాయి. ఆ పడుగు వీధిపెద్దదే. ఆయన తలగుడ్డ విప్పి దాన్ని తోలి, నేరుగా అవ్వ వాకిట్లోకి వచ్చాడు.

"ఏమవ్వా! నువ్వు మేపేది గద్దనా, మా నెత్తిన శనినా?"

"పసిది నాయనా. తెలీక దిగింది."

"పసిదంట! రేపు నా గుడ్లు పెరుక్కపోతే గూడా పసిదే అంటావు. ఇంగొకసారి పడుగు మీద కాలు పెట్టిందంటే హొళగుంద దిక్కునుంచి పిట్టలు పట్టేటోళ్లను పిలిపిస్తా. గూడూ వద్దు, గద్దా వద్దు."

"వద్దప్పా! దాన్ని పట్టిస్తే నా మనవరాలు..." అని అవ్వ మాట మింగేసింది. లోపల మంచం మీద పిల్ల మేలుకుని వింటోంది.

ఆయన పోయాక నేను కిందికి దిగాను. ఆ మనిషి మీద నాకు వచ్చిన కోపం ఇంతా అంతా కాదు. మొన్నటిదాకా వాళ్లింటి ఆడవాళ్లే తల్లిగద్దను తిట్టి, జాలిపడి ముక్కలు వేసినవాళ్లు. అయినా నష్టం నష్టమే కనుక అవ్వకు ఒక మాట చెప్పాను. మొక్కు మానవద్దు, శుక్రవారమే వెయ్యి, పెరట్లో కాకుండా ఊరి బయట రాళ్లబీడులో పైకి విసురు, మిగతా రోజుల్లో తలుపు వేసుకో అన్నాను.

"వాడు అందుకోకపోతే?"

"పెద్దవి అందుకుంటాయి. నీ మొక్కు తీరుతుంది."

"మొక్కు తీరుతాది. వాడి కడుపు?"

దాని తల్లిని నమ్మమన్నాను.

ఆ తరువాతి రోజులు వినడానికే కష్టంగా గడిచాయి. పిల్లగద్ద గోడ మీదికి వచ్చి సన్నగా, సాగదీసి అరిచేది. అవ్వ లోపల దూది ఏకే వింటిని కావాలని గట్టిగా మోగించేది. మనవరాలు మంచం మీదనుంచి "అవ్వా, వాడొచ్చినాడు, తలుపు తీ" అని అడిగేది. "ఊళ్లో లేనని సెప్పు," అనేది అవ్వ, కొంగుతో ముక్కు తుడుచుకుంటూ. శుక్రవారం బీడులో విసిరిన ముక్కను తండ్రిగద్ద తన్నుకుపోయింది. పిల్లది రెక్క చాచి, ధైర్యం చాలక మళ్లీ ముడుచుకుంది.

ఇక వీధిపెద్ద చేసిన ఏర్పాటును తలచుకుంటే నాకు ఇప్పటికీ నవ్వూ కోపమూ కలిసి వస్తాయి. పిట్టలను బెదిరించడానికని ఆయన పంగకర్రలన్నిటికీ ఎర్రగుడ్డ పీలికలు కట్టించాడు. చేనులో పిచ్చుకలు బెదురుతాయి కాబట్టి గద్ద కూడా బెదురుతుందని ఆయన లెక్క. గుడ్డపీలికలంటే గద్దజాతికి ఎంత ప్రీతో వేపచెట్టు గూటివైపు ఒక్కసారి తలెత్తి చూసినా తెలిసేది. మూడోనాటికల్లా పిల్లగద్ద ఒక పీలికను ఊడబెరికి ఎత్తుకుపోయింది. పైకి పోయి వదిలింది. అది గాలికి మెలికలు తిరుగుతూ పడుతుంటే కిందికి దూకి కాలితో పట్టబోయింది, తప్పింది. మళ్లీ వచ్చి ఇంకొకటి పెరికింది. పడుగు మీద మాత్రం దిగలేదు. కర్ర కొసననే పని ముగించుకుని పోయేది.

"ఐవారూ, సూస్తాండావా? కట్టిన గుడ్డలన్నీ ఎత్తుకపాయె!"

"పడుగు తాకిందా?"

"తాకలేదు. అయినా ఎంత పొగరు!"

"తాకనప్పుడు పిట్టలవాళ్లను పిలిచే పని లేదు. నీ మాటే అది."

ఆయన గొణుక్కుంటూ మళ్లీ పీలికలు కట్టించాడు. అది మళ్లీ పెరికింది. తల్లిగద్ద ఎలుకను చూపించి ఏం నేర్పిందో, ఆ పీలికలూ అదే నేర్పాయి. రోజురోజుకూ పట్టు తప్పడం తగ్గింది. అయినా బతికున్న జీవిని అది పట్టగా నేను చూడలేదు. తొండల మీద పడి ఖాళీ కాళ్లతో లేచేది. రొమ్ము ఎముక మొన తేలింది. అవ్వ నన్ను చూసినప్పుడల్లా ముఖం తిప్పుకునేది. మనవరాలికి మళ్లీ జ్వరం తగలడంతో ఆ తప్పు కూడా నా మీదనే వేసిందని నాకు తెలుసు.

మృగశిర కార్తెలో ఒక మధ్యాహ్నం తొలివాన కొట్టింది. అది శుక్రవారం. వాన వెలిసి ఎండ మళ్లీ పసుపుగా కాసేవేళకు అవ్వ మనవరాలిని చంకనేసుకుని, ముక్క పట్టుకుని బీడుకు బయలుదేరింది. నేనూ వెంట వెళ్లాను. తడిసిన నేలలోంచి ఉసిళ్లు, ఆ రెక్కల చెదపురుగులు, పొగలా లేస్తున్నాయి. ఊరిపైన తిరిగే గద్దలన్నీ అక్కడే ఉన్నాయి. అవ్వ ముక్కను దిగదుడిచి పైకి విసిరింది. ఏ గద్దా దానివైపు రాలేదు. ముక్క బురదలో పడింది.

అవ్వ ముఖం తెల్లబోయింది. "తీసుకోలేదు ఐవారూ. ఒక్కటి గూడా రాలేదు."

నేను పైకి చూపించాను. రొమ్ము మీద లేతచుక్కలున్నది ఆ గుంపులో ఉంది. ఒక కాలు ముందుకు చాచి గాలిలో ఉసిలిని పట్టింది. ఎగురుతూనే తలవంచి నోట వేసుకుంది. మళ్లీ పట్టింది. తల్లీ తండ్రీ ఎక్కడున్నాయో అది చూసుకోవడం లేదు. మా నెత్తి మీదుగానే రెండుసార్లు పోయింది. అవ్వ అలవాటుగా చేయి ఎత్తింది కానీ అది తల తిప్పలేదు.

"నన్ను సూడనే లేదు," అంది అవ్వ. ఆ గొంతులో ఉన్నది సంతోషమా, నొప్పా అని నేను తేల్చుకోలేకపోయాను. "కడుపు నిండినోడు ఎందుకు సూస్తాడులే. మరి నా మొక్కు?"

బీడు నిండా వీధి ఆడవాళ్లు ఉసిళ్లను చాటల్లోకి ఊడుస్తున్నారు. వీధిపెద్ద ఇల్లాలు అప్పటికే మూడు రాళ్లు పెట్టి మంగలం పొయ్యి మీదికెక్కించింది. ఉప్పు చల్లి వేయిస్తుంటే కమ్మని వాసన లేచింది. అవ్వ చంకలోని పిల్ల మెడ సాచి అటు చూసింది.

"అవ్వా, నాగ్గూడా."

"ఏమి?"

"అవి. ఆకలైతాంది."

మాఘమాసం తరువాత ఆ మాట ఆ పిల్ల నోట వినడం అదే మొదలు. అవ్వ బురదలోని ముక్కను అక్కడే మరిచి, పొయ్యి దగ్గరికి నడిచింది. వీధిపెద్ద ఇల్లాలు మారుమాట లేకుండా ఒక దోసెడు ఉసిళ్లు బొరుగుల్లో కలిపి, అవ్వ పట్టిన కొంగులో పోసింది. పిల్ల ఒక్కొక్కటే ఏరుకుని తినలేదు, పిడికిలితో నోట్లో కుక్కుకుంది.

"మెల్లగా నాయనా, మెల్లగా. ఎవురూ ఎత్తుకపోరు," అంది అవ్వ, పిల్ల ముఖం మీదనుంచి చూపు తిప్పకుండా.

"ఇంగా పెట్టు."

"చాలు, కడుపు నొస్తాది."

"ఇంగా పెట్టవ్వా!"

అవ్వ పొయ్యివైపు తిరిగి మళ్లీ కొంగు పట్టింది.