బావిలో పేలని మందు

మూడో తరగతి పిల్లలకు మందుగుండు గురించి ఏమని చెబుతాం? ఆ ఎండాకాలం నాకు నోరు తెరవాలంటేనే విసుగ్గా ఉండేది. అరవై తొమ్మిది తెలంగాణ ఉద్యమంలో ఏడాది చదువు పోగొట్టుకుని, ఆ తర్వాత ట్రైనింగు ముగించి, తరిగొప్పుల దగ్గరి ఊళ్లో పంతులమ్మనయ్యాను. కరువు. బడి వెనక మెట్ట చెలకలో పటేలు ఎండిన బావిని ఇంకా లోతుకు తవ్విస్తున్నాడు. రోజూ బండలు పేలుస్తుంటే పిల్లలు అదే అడిగేవారు.

"సురేకారం, గంధకం, బొగ్గు కలిపి నూరితె మందుగుండైతది," అన్నాను. "వెనకట చైనా దేశంల చావు రాకుండ మందు చేద్దామనుకున్నోళ్ల చేతికి గిది వచ్చిందంటరు. నిప్పు తగిలితె గుప్పున పొగై పొంగుతది. పొంగెటందుకు జాగ లేకుంటె బండనే పలగ్గొడ్తది. పటాకులల్ల గదే, తుపాకులల్ల గదే."

"మా బాపు దగ్గర గూడ గదే ఉంటది," అంది ముందు వరుసలోని పిల్ల. బావిలో దిగి, బండకు తొలిచిన బొక్కలో మందు కూరి, వత్తి ముట్టించి పైకొచ్చేది వాళ్ల బాపే.

అంతలో బయట కేక వినిపించింది. "బాయి పేలుతది, పక్కకు జరుగుండ్రి!"

అందరం చెవులు మూసుకున్నాం. ఎంతసేపటికీ చప్పుడు రాలేదు.

పేలని మందును అట్లా వదిలేయరు. వత్తి లోపల రాజుకుంటూ ఉండవచ్చని చాలాసేపు ఆగి, ఆ తర్వాత ఒకరు దిగి బొక్క నిండా నీళ్లు పోయాలి. తడిస్తే ఇక అది పేలదు. ఎండిన బావిలో నీళ్లెక్కడివి? పటేలు ఇంటి నుంచి తెప్పించనూ లేదు. "ఆరిపోయింది తియ్యి, దిగు. పొద్దు పోతున్నది," అని గట్టు మీద నుంచి తొందరపెడుతున్నాడు. ఆ గొంతు బడి దాకా వినబడుతుంటే నాకు ఒళ్లు మండింది.

ఆ పిల్ల లేచి నా దగ్గరికి వచ్చింది. "పంతులమ్మా, మన నీళ్ల కుండ బాపుకు ఇయ్యరాదుండ్రి?" అంది.

బడి మొత్తం తాగేది ఆ ఒక్క కుండ నీళ్లే. పిల్లలెవరూ వద్దనలేదు. ఇద్దరం మోసుకుపోయాం.

"దూరం పోండ్రమ్మా," అని వాళ్ల బాపు ఇంకా కొంతసేపు ఆగాడు. ఆ తర్వాత కుండ చంకన పెట్టుకుని మెట్లు దిగాడు. పిల్ల నా కొంగు పట్టుకుని నిలబడింది. కొంతసేపటికి అతను ఖాళీ కుండతో పైకి వచ్చాడు.

"ఇంక భయం లేదు బిడ్డా," అన్నాను.

పిల్ల నా కొంగు వదల్లేదు. "రేపు మళ్ల మందు కూరుతడు పంతులమ్మా," అంది.